మ్యూనిక్‌కు ఫ్రెండ్ వస్తున్నాడా? వారాంతాలు ఇలా వేసుకోండి

మీరు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఫ్రెండ్ రెండు మూడు వారాలు ఉండిపోవడానికి వస్తున్నాడు. మీకు దొరికే సెలవు ఒకటి రెండు రోజులే, మిగతా తిరుగుడంతా శని ఆదివారాల్లో సర్దుకోవాలి. ఇలాంటప్పుడు ప్యారిస్, వెనిస్, ప్రాగ్, స్విట్జర్లాండ్ అన్నీ ఒక కాగితం మీద రాసుకుని రాత్రి బస్సుల్లో పరుగులు పెట్టేవాళ్లు చాలామంది. ఆ పని చేయొద్దు. మ్యూనిక్ నుంచి రెండు మూడు గంటల రైలు దూరంలోనే ఆల్ప్స్ కొండలు, సరస్సులు, కోటలు, పక్క దేశంలో ఒక అందమైన పాత ఊరు ఉన్నాయి. రాత్రికి ఇంటికొచ్చి వేడిగా చారన్నం తిని పడుకోవచ్చు. శనివారం దూరం వెళ్లాలి, ఆదివారం దగ్గర్లో తిరగాలి, ఒక రోజుకు ఒకే ఊరు పెట్టుకోవాలి. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

వీసా పని: మూడు నెలల ముందే మొదలుపెట్టండి

షెంగెన్ వీసాకు, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల గుంపు వీసాకు, ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇచ్చి తీరాలి. ఎండాకాలం సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి మూడు నెలల ముందే స్లాట్ పట్టుకోమని చెప్పండి. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి, అది షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి. పాస్‌పోర్టు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, అందులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి, అది ఇచ్చి పదేళ్లు దాటకూడదు.

ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. మీ ఇంట్లో పది రాత్రులు, ఇంకెక్కడో రెండు రాత్రులు అయితే జర్మనీకే. కాగితాల్లో చూపిన ప్లాన్, చేతిలో ఉన్న బుకింగ్‌లు ఒకదానికొకటి సరిపోవాలి. లేకపోతే అనుమానం మొదలయ్యేది అక్కడే.

ఇక మీరేం ఇవ్వాలి? ఫ్రెండ్‌కు సొంత జీతం, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు ఉంటే మీ వైపు నుంచి ఆహ్వాన లేఖ, పాస్‌పోర్టు కాపీ, రెసిడెన్స్ పర్మిట్ కాపీ, అడ్రస్ రిజిస్ట్రేషన్ పత్రం సాధారణంగా సరిపోతాయి. అతని ఖర్చంతా మీరు భరిస్తున్నారని చూపించాల్సి వస్తే మాత్రం ఫర్‌ఫ్లిఖ్టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్ అనే పూచీ పత్రం మీ ఊరి విదేశీయుల ఆఫీసులో తీసుకోవాలి. దానికి 29 యూరోలు కట్టాలి, జీతం స్లిప్పులు చూపాలి. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టవచ్చు, కాబట్టి వీసా స్లాట్ కంటే ముందు దీని సంగతి చూసుకోండి. అవసరం లేనివాళ్లు ఈ పత్రం జోలికి పోనక్కర్లేదు. ఫ్రెండ్ వైద్య ఖర్చుల దాకా చట్టపరంగా మీరు పూచీపడుతున్నట్టు అది.

వీసా మీద ఎన్ని రోజులు రాసిందో, ఎన్ని ఎంట్రీలు ఇచ్చారో చూసుకోండి. సింగిల్ ఎంట్రీ ఉన్నా ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ వెళ్లి రావచ్చు, అవన్నీ షెంగెన్‌లోవే. లండన్ వెళితే మాత్రం ఆ ఎంట్రీ అయిపోయినట్టే, తిరిగి రానివ్వరు. ఇంకో సంగతి. పాస్‌పోర్టు మీద ముద్రకు బదులు వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి 2025 అక్టోబరు 12న మొదలైంది. మొదటిసారి వచ్చేవారికి ఇమిగ్రేషన్ దగ్గర ఎక్కువసేపు పడుతుంది. విమానం దిగిన గంటలోనే బయటికొచ్చేస్తాడని లెక్కేసుకుని వేరే ఊరికి రైలు బుక్ చేయకండి.

సూట్‌కేసులో ఏం తేవద్దో ముందే చెప్పండి

అమ్మ సర్దిచ్చే మూటలో ఇబ్బంది పెట్టేవి రెండున్నాయి: నెయ్యి, పచ్చి కరివేపాకు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకురాకూడదు. కాబట్టి నెయ్యి, పనీర్, పాలకోవా, మాంసం పచ్చళ్లు, చికెన్ పచ్చడి వద్దు. పచ్చి ఆకులు, పళ్లు, కూరగాయలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. అరటి, కొబ్బరి, అనాస, ఖర్జూరం, దురియన్‌కు మాత్రమే మినహాయింపు. మామిడిపళ్ల పెట్టె కస్టమ్స్‌లో ఆగిపోతే చాలా బాధగా ఉంటుంది, ముందే వద్దని చెప్పేయండి.

కరివేపాకు పొడి, కందిపొడి, నువ్వుల పొడి, ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలు, వడియాలు తెచ్చుకోవచ్చు. పచ్చళ్లకు సీల్ ఉన్న ప్యాక్ మేలు. ఇంట్లో పెట్టిన ఆవకాయ అయితే మూత చుట్టూ టేపు వేసి రెండు జిప్ కవర్లలో పెట్టి చెక్-ఇన్ బ్యాగులోనే వేయించాలి. నూనె తేలే పచ్చడిని చేతి సంచిలో ద్రవంగా లెక్కేసి సెక్యూరిటీ దగ్గర తీసేసుకుంటారు.

బట్టల్లో అసలైనవి మూడు: వానకు తడవని జాకెట్, పట్టున్న బూట్లు, లోపల వేసుకునే ఒక పల్చటి స్వెటర్. జులైలో కూడా కొండ మీద చలి కొడుతుంది. పెద్ద ఉన్ని కోటు ఒకటి మోసుకురావడం కంటే పొరలు పొరలుగా వేసుకునే బట్టలు నయం.

తేదీలు పెట్టేటప్పుడు

మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో దుకాణాలు రాత్రి 8 గంటలకు మూసేస్తారు. ఆదివారం, పండగ రోజుల్లో అసలు తీయరు. బేకరీలు, పెట్రోల్ బంకులు, పెద్ద స్టేషన్లలో కొన్ని దుకాణాలు మాత్రం ఉంటాయి. ఆగస్టు 15 మనకు స్వాతంత్ర్య దినోత్సవం, మ్యూనిక్‌లో మరియమ్మ పండగ సెలవు. ఆ రోజు కూడా సూపర్‌మార్కెట్ తీయరు. అందుకని శుక్రవారం సాయంత్రమే పాలు, పెరుగు, కూరగాయలు, బ్రెడ్డు తెచ్చిపెట్టుకోండి. శనివారం తిరిగొచ్చేసరికి ఎనిమిది దాటే అవకాశం ఎక్కువ.

అక్టోబర్‌ఫెస్ట్ అనే మ్యూనిక్ బీరు పండగ సెప్టెంబరు మధ్యలో మొదలై అక్టోబరు మొదటి వారం దాకా జరుగుతుంది. అది చూడడానికే వస్తుంటే సరే, లేకపోతే ఆ వారాంతాలు తప్పించండి. రైళ్లు కిక్కిరిసి ఉంటాయి, హోటళ్ల ధరలు కొండెక్కుతాయి. క్రిస్మస్ మార్కెట్లు నవంబరు చివరి నుంచి ఉంటాయి, కానీ అప్పుడు సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. చలికాలంలో సరస్సుల కంటే పక్కనే ఆస్ట్రియాలో ఉన్న సాల్జ్‌బర్గ్ లాంటి ఊళ్లు మేలు.

దిగిన మొదటి రోజు దూరం పెట్టుకోవద్దు. కాలం తేడా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. మొదటి నాలుగైదు రోజులు ఫ్రెండ్‌కు తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, రాత్రి ఎనిమిదికే కళ్లు మూతపడతాయి. దీన్ని వాడుకోవాలి. తెల్లవారే బయల్దేరాల్సిన ప్రయాణాన్ని మొదటి వారాంతంలోనే పెట్టండి.

టికెట్ ఎలా ఎంచుకోవాలి

డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూడండి.

మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే మీ వరకు పని అయిపోయింది. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఈ నెలవారీ టికెట్ 2026 జనవరి నుంచి 63 యూరోలు. దేశమంతా సిటీ బస్సులు, ట్రాములు, యూ-బాన్ (మెట్రో), ఎస్-బాన్ (శివారు రైళ్లు), ప్రాంతీయ రైళ్లలో చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ లాంటి వేగం రైళ్లలో చెల్లదు. ఒకరి పేరు మీది టికెట్ ఇంకొకరు వాడకూడదు.

ఫ్రెండ్‌కు కూడా అదే కొనాలా? ఒకే క్యాలెండర్ నెలలో రెండు దూర ప్రయాణాలు, పైగా వారం రోజుల సిటీ తిరుగుడు ఉంటే కొనవచ్చు. అయితే ఇది సబ్‌స్క్రిప్షన్. ఆ నెలాఖరుకు ఆగిపోవాలంటే మామూలుగా ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. 12న కొంటే తర్వాతి నెల డబ్బు కూడా పడుతుంది. ఫ్రెండ్ జులై 20న వచ్చి ఆగస్టు 8న వెళుతున్నాడనుకోండి, రెండు నెలల టికెట్ అవుతుంది. అప్పుడు ఇది దండగ. అమ్మే సంస్థను బట్టి షరతులు కాస్త మారుతాయి, రద్దు నిబంధన చదివాకే డబ్బు కట్టండి.

అలా కుదరనప్పుడు బయర్న్ టికెట్ తీసుకోండి. ఒక రోజుకు, ఒకరి నుంచి ఐదుగురి దాకా. ఒకరికైతే సుమారు 30 యూరోల దగ్గర మొదలై, తోడయ్యే ఒక్కొక్కరికీ కొంత చొప్పున పెరుగుతుంది. మనుషులు పెరిగేకొద్దీ తలకు పడేది తగ్గుతుంది. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం 9 గంటల నుంచి, శని ఆదివారాల్లోనూ పండగ రోజుల్లోనూ అర్ధరాత్రి నుంచి మొదలై, మర్నాడు తెల్లవారుజామున 3 గంటల దాకా చెల్లుతుంది. దూర ప్రయాణం శనివారం పెట్టమనడానికి ఇదో కారణం. శుక్రవారం సెలవు పెట్టి ఏడింటికి బయల్దేరితే ఈ టికెట్ పనికిరాదు.

ఇది బవేరియా అంతటా ప్రాంతీయ రైళ్లలో, మ్యూనిక్ సిటీ రవాణాలో, అంతేకాక సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ మెయిన్ స్టేషన్ దాకా చెల్లుతుంది. పేర్లు రాయడం తప్పనిసరి. పేరు లేని టికెట్ చెల్లని టికెట్టే. టికెట్ తనిఖీలో పట్టుబడితే కనీసం 60 యూరోలు జరిమానా. మీకు డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే బయర్న్ టికెట్ మీద మీ పేరు వేయనక్కర్లేదు, ఫ్రెండ్ ఒక్కడికి తీసుకుంటే చాలు.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్లోకి ఎస్1, ఎస్8 రైళ్లు ముప్పావు గంటలోపు తెస్తాయి. ఆ రోజు ఊళ్లో కూడా తిరిగేట్టయితే ఎయిర్‌పోర్ట్-సిటీ-డే టికెట్ తీసుకోండి, ఐదుగురి దాకా గ్రూపు టికెట్ కూడా ఉంది. మెషీన్ ఇచ్చిన కాగితం టికెట్ మీద 'ఎంట్‌వెర్టెన్' అని ఉంటే, ఎక్కే ముందు ప్లాట్‌ఫారానికి వెళ్లే దారిలో ఉన్న చిన్న మెషీన్‌లో స్టాంపు కొట్టాలి. కొత్తగా వచ్చినవాళ్లు టికెట్ కొని కూడా స్టాంపు కొట్టక జరిమానా కడుతుంటారు. కొత్తవాళ్లమని చెప్పినా వినరు.

రైలు ఎక్కేటప్పుడు

శుక్రవారం రాత్రి జర్మన్ రైల్వే వాళ్ల డీబీ నావిగేటర్ యాప్‌లో మర్నాటి దారి చూసుకోండి. సెట్టింగుల్లో ప్రాంతీయ రవాణా మాత్రమే అని పెట్టకపోతే మీ టికెట్ చెల్లని వేగం రైళ్లు చూపిస్తుంది. సాల్జ్‌బర్గ్ వైపు ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది, ఎందుకంటే ఒకే దారిలో రెండు రకాల రైళ్లూ నడుస్తాయి. యాప్‌లో 'ఎస్‌ఈవీ' అనే మూడు అక్షరాలు కనబడితే పట్టాల మరమ్మతు జరుగుతోందని, కొంత దూరం బస్సులో పోవాలని అర్థం. ఇవి ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు. అలాంటి రోజు ప్రయాణానికి అదనంగా అరగంట నుంచి గంట వేసుకోండి, లేదా ఊరే మార్చుకోండి.

మ్యూనిక్ మెయిన్ స్టేషన్‌లో 5 నుంచి 10 వరకు, 27 నుంచి 36 వరకు ప్లాట్‌ఫారాలు పక్క రెక్కల్లో ఉంటాయి. పెద్ద హాలు నుంచి అక్కడికి నడవడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. ఎస్-బాన్ దిగి రెండు నిమిషాల్లో ఎక్కేద్దామనుకుంటే రైలు తప్పిపోతుంది. కనీసం పదిహేను నిమిషాలు ఉంచుకోండి.

ఇంకొకటి, ఎన్నేళ్లుగా ఇక్కడ ఉంటున్నవాళ్లను కూడా ఇబ్బంది పెట్టేది: దారిలో విడిపోయే రైళ్లు. టెగర్న్‌జే సరస్సుకు వెళ్లే రైలు మ్యూనిక్‌లో ఒకటే పొడవాటి రైలుగా ఉంటుంది. హోల్ట్స్‌కిర్షెన్‌లో ఒక ముక్క, షాఫ్ట్‌లాఖ్‌లో ఇంకో ముక్క విడిపోతాయి. ఒకటి టెగర్న్‌జేకు, మరోటి లెంగ్రీస్‌కు, ఇంకోటి బాయ్‌రిష్‌త్సెల్‌కు పోతాయి. తప్పు పెట్టెలో కూర్చుంటే హాయిగా కబుర్లు చెప్పుకుంటూ వేరే లోయలో తేలతారు. ఎయిర్‌పోర్టుకు వెళ్లే ఎస్1 కూడా అంతే: నోయ్‌ఫార్న్‌లో రెండుగా విడిపోయి ఒకటి ఎయిర్‌పోర్టుకు, ఇంకోటి ఫ్రైజింగ్‌కు వెళుతుంది. ఏం చేయాలంటే, ప్లాట్‌ఫారం బోర్డు మీద ఏ ఊరి పక్కన ఏ అక్షరం ఉందో చూసి ఆ భాగంలో నిలబడండి. ఎక్కాక పెట్టె లోపలి తెర మీద చివరి స్టేషన్ పేరు మళ్లీ చూడండి. తప్పు పెట్టె అని తెలిస్తే విడిపోయే స్టేషన్‌కు ముందే దిగి ప్లాట్‌ఫారం మీదుగా మారండి. చాలా రైళ్లలో ఒక ముక్క నుంచి ఇంకో ముక్కలోకి లోపలి నుంచి దారి ఉండదు.

మొదటి శనివారం: నోయ్‌ష్వాన్‌స్టైన్

బవేరియా రాజు రెండో లుడ్విగ్ 1869లో కట్టించడం మొదలుపెట్టిన కోట ఇది. 1886 జూన్‌లో ఆయన చనిపోయేనాటికి పూర్తవలేదు. అదే ఏడాది జనానికి తెరిచేశారు. 2025లో ఆయన కట్టించిన మిగతా మేడలతో కలిపి యునెస్కో జాబితాలో చేరింది.

లోపలికి వెళ్లాలంటే సమయం రాసిన టికెట్ కావాలి. అధికారిక వెబ్‌సైట్‌లో ముందే కొనాలి. ఎండాకాలం శనివారాలకైతే కొన్ని వారాల ముందు. ఆ సమయానికి గేటు దగ్గర లేకపోతే టికెట్ పోయినట్టే. కాబట్టి సమయాన్ని వెనక నుంచి లెక్కేయాలి. మ్యూనిక్ నుంచి ఫ్యూసెన్ దాకా రైలు సుమారు రెండు గంటలు. స్టేషన్ ముందే 73, 78 నంబర్ల బస్సులు ఉంటాయి, హోహెన్‌ష్వాంగావ్ అనే కింది ఊరికి పది నిమిషాలలోపే. కానీ రైలు దిగిన జనమంతా అదే బస్సెక్కుతారు, రెండో బస్సు దాకా ఆగాల్సి రావచ్చు. అక్కడి నుంచి కోట దాకా ఎత్తు దారిలో 30 నుంచి 40 నిమిషాల నడక. ఫ్యూసెన్‌లో దిగిన రెండున్నర గంటల తర్వాతి సమయానికి టికెట్ తీసుకుంటే ఉరుకులు ఉండవు. ఎనిమిదింటి లోపు మ్యూనిక్‌లో రైలెక్కండి, పన్నెండున్నర టికెట్ పెట్టుకోండి.

వెళ్లే క్రమం ముఖ్యం. కింది ఊరి నుంచి షటిల్ బస్సు కోట కంటే పైనున్న చోటికి తీసుకెళుతుంది. ముందు అది ఎక్కి మరియెన్‌బ్రుక వంతెన దగ్గరికి వెళ్లండి. కోట ఫోటోలన్నీ తీసేది ఆ వంతెన మీది నుంచే. అక్కడి నుంచి దిగుడు దారిలో పది పదిహేను నిమిషాలు నడిస్తే కోట గేటు. లోపల గైడ్‌తో సుమారు అరగంట చూపిస్తారు, ఫోటోలు తీయనివ్వరు, పెద్ద బ్యాగులు రానివ్వరు. తర్వాత నడుచుకుంటూ కిందికి దిగండి. ఇలా చేస్తే ఎక్కడం బస్సు మీద, దిగడం కాళ్ల మీద అవుతుంది. మంచు, నల్లమంచు ఉన్న రోజుల్లో షటిల్ బస్సు నడవదు, వంతెన కూడా మూసేస్తారు. చలికాలంలో వెళ్లే ముందు ఈ రెండూ చూసుకోండి.

లోపలి టికెట్ దొరకలేదా? దిగులు పడకండి. బయటి నుంచి చూసే కోటే అసలు అందం. వంతెన, కోట బయటి ఆవరణ, కింద ఆల్ప్‌జే సరస్సు చూడడానికి ప్రవేశ టికెట్ అక్కర్లేదు. సరస్సు ఒడ్డున బల్ల మీద కూర్చుని డబ్బా విప్పుకుని తినడం ఈ రోజంతటిలో మంచి ఘడియ, దానికి గంట కేటాయించండి.

రెండో శనివారం: సాల్జ్‌బర్గ్

ప్రాంతీయ రైల్లో రెండు గంటల లోపు. ఆస్ట్రియా కాబట్టి మీరిద్దరూ అసలు పాస్‌పోర్టులు పెట్టుకోవాలి, మీరు రెసిడెన్స్ కార్డు కూడా. ఫోన్‌లో ఫోటో చాలదు. తిరుగు ప్రయాణంలో సరిహద్దు స్టేషన్ ఫ్రైలాసింగ్ దగ్గర జర్మన్ పోలీసులు రైలెక్కి చూస్తుంటారు, ఒక్కోసారి దానివల్ల రైలు ఆలస్యమవుతుంది.

స్టేషన్ నుంచి మిరబెల్ తోట మీదుగా పాత ఊరికి నడకలో ఇరవై పాతిక నిమిషాలు. తోటకు టికెట్ లేదు. 1077లో మొదలుపెట్టి కట్టిన హోహెన్‌సాల్జ్‌బర్గ్ కోట, గెట్రైడెగాసె వీధి 9వ నంబరు ఇంట్లో 1756 జనవరి 27న మొజార్ట్ పుట్టిన గది, నది మీద పడవ చూడాలనుకుంటే 24 గంటల సాల్జ్‌బర్గ్ కార్డు కొనండి. సిటీ బస్సు, కోటకెక్కే చిన్న రైలు అందులోనే వచ్చేస్తాయి. ఒక్క కోట మాత్రమే చూసి మిగతా సమయం వీధుల్లో తిరిగేట్టయితే కార్డు అక్కర్లేదు. కోట మీది నుంచి ఊరు చూడడానికి మధ్యాహ్నం మూడు తర్వాత బాగుంటుంది.

మూడో శనివారం: క్యోనిగ్‌స్‌జే

ఒక్క ప్రకృతి ప్రయాణమే పెట్టాల్సి వస్తే ఇది పెట్టండి. నిలువెత్తు కొండల మధ్య ఇరుక్కున్న సరస్సు. నీళ్లు పాడవకుండా 1909 నుంచి కరెంటు పడవలే నడుపుతున్నారు. మ్యూనిక్ నుంచి ఫ్రైలాసింగ్‌లో రైలు మారి బెర్‌ఖ్‌టెస్‌గాడెన్, అక్కడి నుంచి 841 బస్సు. మొత్తం మూడు గంటల పైమాటే, అందుకని ఏడింటి లోపు బయల్దేరాలి.

పడవ టికెట్ సాలెట్ దాకా తీసుకోండి, ఎర్ర గుమ్మటాల చర్చి ఉన్న సాంక్ట్ బార్తొలొమే దాకా మాత్రమే కాదు. సాలెట్‌లో దిగి పావుగంట నడిస్తే ఓబర్‌జే అనే రెండో సరస్సు వస్తుంది, దాని నీళ్లలో కొండలు అద్దంలో ఉన్నట్టు కనిపిస్తాయి. సాలెట్ పడవలు ఎండాకాలంలోనే ఉంటాయి. దారిలో పడవవాళ్లు నడిమధ్య ఆపి ట్రంపెట్ ఊదుతారు, ప్రతిధ్వని వినిపించడానికి. చివర్లో చిల్లర అడుగుతారు, ఇవ్వండి.

జాగ్రత్త ఒక్కటే: దిగగానే తిరుగు పడవ ఆఖరిది ఎప్పుడో బోర్డు మీద చూసి ఫోటో తీసుకోండి. ఒడ్డు వెంబడి నడుచుకుంటూ వెనక్కి వచ్చే దారి లేదు, కొండలు నేరుగా నీళ్లలోకి దిగుతాయి. ఆఖరి పడవ కోసం అందరూ ఆగుతారు కాబట్టి క్యూ పెద్దదవుతుంది. దానికంటే ఒకటి రెండు పడవలు ముందే ఎక్కండి.

కారు అద్దెకు తీసుకుందామా అని ఫ్రెండ్ అడిగితే ఒక మాట. మీరు జర్మనీలో ఆరు నెలలు దాటి ఉంటే మీ భారతీయ లైసెన్సు ఇక్కడ చెల్లదు. దానితో నడపడం నేరం. సందర్శనకు వచ్చిన అతను అంతర్జాతీయ పర్మిట్‌తో నడపవచ్చు. కానీ కొత్తగా కుడి పక్క నడుపుతూ, చాలాచోట్ల స్పీడు లిమిట్ లేని ఆటోబాన్ (జర్మన్ మోటార్‌వే) మీద మొదటి పాఠం నేర్చుకోవడం అవసరమా ఆలోచించండి. ఆస్ట్రియా మోటార్‌వే ఎక్కితే విన్యెట్ అనే టోల్ స్టిక్కరు ముందే కొనాలి.

తిండి, నీళ్లు, టాయిలెట్

పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, సాయంత్రం దాకా పాడవదు. చపాతీల్లో బంగాళాదుంప కూర చుట్టినా సరే. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, చలికాలానికి ఉంచండి. రైల్లో తినవచ్చు, కానీ ఎండుచేపల కూర లాంటివి వద్దు.

బవేరియా బీర్‌గార్టెన్లలో, అంటే ఆరుబయట చెట్ల కింద ఉండే బీరు తోటల్లో, ఒక గొప్ప సంప్రదాయం ఉంది: తాగేది అక్కడే కొనాలి, తినేది ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. టేబుల్ క్లాత్ పరవని బల్లల దగ్గర కూర్చోవాలి, క్లాత్ ఉన్న బల్లలు వడ్డన ఉన్నవి. చెస్ట్‌నట్ చెట్ల కింద నిమ్మరసం కలిపిన బీరో, ఆపిల్ జ్యూస్ సోడానో పెట్టుకుని పులిహోర తింటే ఎవరూ ఏమనరు.

శాకాహారికి మెనూలో కేసెష్పెట్‌స్లె (చీజ్ కలిపిన నూడుల్స్), ఒబాట్స్‌డా అనే చీజ్ ముద్దతో బ్రెట్సెల్ (ముడి వేసిన బ్రెడ్డు), కైజర్‌ష్మార్న్ (ముక్కలు చేసిన తియ్యటి అట్టు) దొరుకుతాయి. వీటిలో మొదటిదానిలోనూ చివరిదానిలోనూ గుడ్డు ఉంటుంది. ఉత్త బంగాళాదుంపల సలాడే కదా అనుకునే దాంట్లో బవేరియావాళ్లు మాంసం ఉడికించిన నీళ్లు కలుపుతారు, అడగకుండా తీసుకోవద్దు. క్నోడెల్ అనే ఉడికించిన ఉండల్లో 'ష్పెక్' అని ఉంటే పంది మాంసం. గొడ్డు మాంసం తినని ఫ్రెండ్‌కు 'రిండ్' (గొడ్డు మాంసం), 'కాల్బ్' (దూడ మాంసం) అనే రెండు మాటలు నేర్పండి. ఇక్కడి ప్రసిద్ధ తెల్ల సాసేజ్ ఎక్కువగా దూడ మాంసంతో చేస్తారు.

హోటల్లో నీళ్లకు డబ్బు పడుతుంది, అది చాలాసార్లు గ్యాస్ నీళ్లు. కుళాయి నీళ్లు శుభ్రమైనవి, సీసా నింపుకుని వెళ్లండి. కొన్న ప్లాస్టిక్ సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, పారేయకుండా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేసి తీసుకోండి. స్టేషన్ టాయిలెట్లకు 50 సెంట్లు, ఒక యూరో నాణేలు జేబులో ఉండాలి. రైల్లో ఉన్నది ఉచితం, దిగే ముందే వెళ్లిరమ్మనండి.

ఆదివారాలు, మీరు ఆఫీసులో ఉండే రోజులు

ఆదివారం పొద్దున లేటుగా లేవండి. మ్యూనిక్‌లో ఆల్టె పినాకోథెక్, పినాకోథెక్ డెర్ మోడెర్నె చిత్రశాలలకు, బవేరియా జాతీయ మ్యూజియానికి ఆదివారం శాశ్వత ప్రదర్శన టికెట్ ఒక్క యూరో. సాయంత్రం నింఫెన్‌బుర్గ్ మేడ వెనక తోటలో నడక, అదీ ఉచితమే. ఫ్రెండ్ సొంతంగా వెళ్లే రోజుకు ఊరి నడిబొడ్డు చౌక్ మరియెన్‌ప్లాట్స్‌లో 11 గంటలకో 12 గంటలకో గంటల బొమ్మలాట, తర్వాత డాయిచెస్ మ్యూజియం అనే సైన్సు మ్యూజియం చెప్పండి.

డాఖావ్ కాన్సంట్రేషన్ క్యాంపు స్మారకం కూడా ఉంది. 1933 మార్చిలో నాజీలు తెరిచిన క్యాంపు అది. ఎస్2 రైలు, తర్వాత 726 బస్సు, ప్రవేశం ఉచితం. సగం రోజు పడుతుంది, మనసు బరువెక్కుతుంది. దాని వెనకే షాపింగ్ పెట్టొద్దు. చిన్నపిల్లలతో వెళ్లే చోటు కాదు.

ఇంటి తాళం ఇచ్చేటప్పుడు మూడు విషయాలు చూపించండి. తలుపు లాగితే చాలు లాక్ పడిపోతుంది, తాళంచెవి లేకుండా చెత్త పడేయడానికి కూడా బయటికి అడుగు పెట్టొద్దు. ఆదివారం తాళాలవాడిని పిలిస్తే వందల యూరోలవుతుంది. బాత్రూమ్ నేలకు తూము లేకపోతే బకెట్‌తో గుమ్మరించుకోకూడదు, కింది ఇంట్లో కారుతుంది. తాలింపు పెట్టేటప్పుడు వంటింటి తలుపు వేసి కిటికీ తీయాలి, లేకపోతే హాల్లో స్మోక్ అలారం మోగుతుంది. రాత్రి పది దాటాక వీడియో కాల్స్ మెల్లగా మాట్లాడమనండి.

వెళ్లే ముందు కొనుగోళ్లు

కత్తులు, చాక్లెట్లు, సూట్‌కేసులు ఏవైనా చివరి శనివారం లోపే కొనాలి, ఆదివారం కుదరదు. ఒకే బిల్లు 50 యూరోలు దాటితే ఈయూ బయట ఉండేవారికి పన్ను వాపసు వస్తుంది. బిల్లు, ఫారం ఫ్రెండ్ పాస్‌పోర్టు మీదే ఉండాలి. జర్మనీలో నివాసం ఉన్న మీ పేరు మీద రాదు. దుకాణంలోనే ట్యాక్స్-ఫ్రీ ఫారం అడిగి తీసుకోండి. వస్తువులు విప్పకుండా, వాడకుండా ఉంచండి. ఎయిర్‌పోర్టులో మామూలు కంటే గంట ముందే వెళ్లండి. కౌంటర్లో బోర్డింగ్ పాస్ తీసుకునేటప్పుడు బ్యాగులో ట్యాక్స్-ఫ్రీ సామాను ఉందని ముందే చెప్పాలి. ట్యాగ్ వేసి బ్యాగు తిరిగి ఇస్తారు. దాన్ని కస్టమ్స్ దగ్గర చూపించి ఫారం మీద ముద్ర వేయించుకున్నాకే బ్యాగు అప్పగించాలి. బ్యాగు ముందే బెల్టు మీద వెళ్లిపోతే చూపించడానికి సామాను ఉండదు, ముద్ర పడదు, వాపసు రాదు.